కోడితోక తాగిన కార్లు

ఆ ఏడు చెరకు కోతల కాలంలో నా పెళ్ళి కుదిరింది. వరుడు కుదిరాడు, గుడి కుదిరింది, జూన్ నెలాఖర్న పునీత పేతురు పండగ రోజని తేదీ కూడా కుదిరింది. కుదరనిదల్లా ఒక్కటే. పెళ్ళికూతురు ఏ కారెక్కి గుడికి వెళ్ళాలి?

మా నాన్న బెలార్మీనో గుడి ముందు కూడలిలో టాక్సీ నడిపేవాడు. ఆయనది ఫుస్కా. తాబేలు వీపు లాంటి చిన్న కారు. ఎక్కే దిగేవాళ్ళకు అడ్డం లేకుండా టాక్సీ ఫుస్కాలన్నిటికీ డ్రైవరు పక్క సీటు పీకేసి ఉంటుంది. ఆ ఖాళీ చూపించి, "ఇక్కడిదాకా గౌను పరుచుకుని నా కూతురు మహారాణిలా కూర్చుంటుంది" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పేవాడు.

అదే స్టాండులో ఆయన పక్కన కారు పెట్టుకునే జెనేజియో పెదనాన్న నా జ్ఞానతండ్రి. నా జ్ఞానస్నానం నాడు నన్ను చేతుల్లో పట్టుకున్నవాడు. మా నాన్నకీ ఆయనకీ రక్తసంబంధం లేదు. కుర్రతనంలో ఒక పునీత యోహాను పండగ రాత్రి చేతులు పట్టుకుని పండగ మంట చుట్టూ తిరిగి, మంట మీద ఒట్టేసుకుని కుంపాద్రులయ్యారు. మా వైపు మంట కుంపాద్రి అంటే తోడబుట్టిన వాడికంటే ఒక మెట్టు పైన. తోడబుట్టినవాణ్ణి దేవుడు అంటగడతాడు, కుంపాద్రిని మనమే ఏరుకుంటాం. రేపు వాడు ఎలాంటివాడైనా తప్పు ఇంకొకరి మీదికి తొయ్యడానికి లేదు.

పెదనాన్నది అకార్డియన్, నాన్నది కంజిర. ఊళ్ళో ఏ పెళ్ళయినా, ఏ జూన్ పండగైనా వాళ్ళిద్దరి వాయిద్యం లేకుండా కాలు కదిలేది కాదు.

అంతకుముందు ఏడు పెదనాన్న పాత కారు అమ్మేసి ఆల్కహాలు కారు కొన్నాడు. మా ఊరి మిల్లు చెరకులోంచి పంచదారతో పాటు కార్లకు పోసే ఆల్కహాలు కూడా తీస్తుంది. పెట్రోలు కంటే చవక. అప్పటికే ఊళ్ళో సగం కార్లు దాని మీద నడుస్తున్నాయి. మా నాన్న దృష్టిలో మాత్రం అది కారు కాదు, చక్రాలున్న తాగుబోతు. దాని పొగ కళ్ళల్లో పడితే ఉల్లిపాయ తరిగినట్టు మండేమాట నిజమే. నాన్న ఫుస్కా వెనక నిలబడితే నల్లటి పొగకు దగ్గొచ్చేమాటా నిజమే. ఈ రెండు నిజాల మీదా వాళ్ళు ఏడాది పొడుగునా హాస్యాలాడుకున్నారు. హాస్యం ఎక్కడ తెగిందో నేను నా కళ్ళతో చూశాను.

జూన్ మొదట్లో ఒక పొద్దున. మా దేశంలో జూన్ అంటే చలికాలం. మంచుకు చెరకాకులు తెల్లబడి ఉన్నాయి. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని స్టాండుకు వెళ్ళేసరికి పెదనాన్న కారు ముందు మూత ఎత్తి ఉంది. చలికి ఆల్కహాలు ఓ పట్టాన అంటుకోదు. అందుకే ఆ కార్లలో ఒక చిన్న పెట్రోలు సీసా అమర్చి ఉంటుంది. మీట నొక్కితే ఇంజన్లోకి రెండు గుక్కలు పడి, కారు లేస్తుంది. ఆ రోజు ఎన్ని గుక్కలు పట్టినా లేవడం లేదు.

నాన్న తన కారులోంచే తల బయట పెట్టాడు. "ఏం కుంపాద్రీ, బిడ్డ ఇంకా నిద్ర లేవలేదా? సీసాపాలు సరిగ్గా పట్టావా?"

"లేస్తుందిలే. నీదాన్లా తెల్లారకముందే దగ్గుకుంటూ వీధి వీధంతా లేపే రకం కాదు."

"అది లేచేసరికి నా కూతురు పెళ్ళీ అవుతుంది, పురుడూ అవుతుంది. దీంట్లోనా నువ్వు మరీల్డాని గుడికి తీసుకెళ్ళేది? పూజకి ముందే తాగొచ్చిన కారెక్కి నా పిల్ల గుడి మెట్లు తొక్కదు."

స్టాండంతా గొల్లుమంది. పెదనాన్న నవ్వలేదు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"నీ కారెక్కితే ఎక్కేటప్పుడు పెళ్ళికూతురు, దిగేటప్పుడు బొగ్గుల బస్తా" అన్నాడు. అక్కడితో ఆగినా బావుండేది. "జ్ఞానతండ్రి కారులో పెళ్ళికూతురు వెళ్ళడం మనలో ఆనవాయితీ. అది మీకు అక్కర్లేకపోతే నేనూ నా అకార్డియనూ ఇంటి దగ్గరే ఉంటాం, బెలార్మీనో గారూ."

ఆ 'గారు' వినపడగానే స్టాండులో నవ్వు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ కుంపాద్రి నోట 'మీరు' వచ్చిందంటే తలుపు మూసి గడియ పెట్టినట్టే. నాన్న కాఫీ తాగకుండానే ఇంజను తిప్పి బేరం లేకపోయినా వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో పెదనాన్న పేరు లేదు. 'ఆ పెద్దమనిషి' అనేవాడు నాన్న. నేను పెదనాన్న ఇంటికి వెళితే ఆయన నన్ను కూర్చోబెట్టి మొక్కజొన్న కేకు పెట్టాడు, పెళ్ళి గౌను కొలతల దగ్గర్నుంచీ అన్నీ అడిగాడు. వస్తావా పెదనాన్నా అంటే మాత్రం గోడ వైపు చూశాడు. గోడవార అకార్డియన్ పెట్టెలో ఉంది. పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది. మా ఇంట్లో కంజిర కూడా మేకుకు అలాగే వేలాడుతోంది. ఒకరు వస్తే ఒకరు రారు. నన్ను గుడిలో చెయ్యి పట్టి నడిపించాల్సింది నాన్న. నాకు సాక్షిగా నిలబడాల్సింది పెదనాన్న. ఇద్దరిలో ఒకరిని ఇంట్లో వదిలేసి నేనెలా పెళ్ళాడను?

ఈ గోడు వల్దీర్‌కి చెప్పుకుని ఏడ్చాను. వల్దీర్ అంటే నేను చేసుకోబోయేవాడు. ఊరి చివర బంకులో పని. వాడు నన్ను ఓదార్చాల్సింది పోయి, పంపు గొట్టం చేత్తో పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. దగ్గొచ్చిందేమో అనుకున్నాను. "అంతా సర్దుకుంటుందిలే" అన్నాడు. నీకెలా తెలుసంటే, బంకులో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయి, ఏదీ చెప్పకూడదు అని పెద్ద తాత్త్వికుడిలా మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండింది.

మొత్తానికి ఒక వింత మాత్రం అందరూ గమనించారు. ఎంత చలి పొద్దునైనా పెదనాన్న కారు ఒక్క తిప్పుకే లేస్తోంది. నాన్న ఫుస్కా వెనక నల్లపొగ పల్చబడింది. ఒకరి కారు సంగతి ఒకరు ఓరగా చూసుకుని, ఏమీ ఎరగనట్టు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

ఆ రోజుల్లోనే రాజధాని నుంచి ఒక తెల్లటి బండి వచ్చి గుడి పక్కన ఆగింది. అందులో గొట్టాలు, గాజు సీసాలు, సూది ఉన్న ఒక యంత్రం. దానితో వచ్చిన ఇంజనీరు నొయేమియా మా ముందుగదిలోనే దిగింది. కార్లు వదిలే పొగను కొలవడం ఆమె పని. పెట్రోలు కారు ఏం వదులుతుంది, ఆల్కహాలు కారు ఏం వదులుతుంది, పక్కపక్కన పెట్టి చూడటానికి రెండు రకాలూ సమంగా తిరిగే ఊరు కావాలని మా ఊరు ఎంచుకుందట. మొదటిరోజు రాత్రి భోజనాల దగ్గరే నాన్న ఆమెను నిలదీశాడు. రెంటిలో ఏది మంచిదో మీరే చెప్పండమ్మా, ఇంటికి వచ్చిన ఆడపడుచు అనుకుంటాం అన్నాడు.

ఆమె చిక్కుడుగింజల కూర అన్నంలో కలుపుకుంటూ నిదానంగా చెప్పింది. పెట్రోలు వదిలేదాంట్లో ఒకటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తలుపులు మూసిన గదిలో అయితే నిద్రలోనే చంపేస్తుంది. ఆల్కహాలు అది తక్కువ వదులుతుంది కానీ కళ్ళు మండించేది ఎక్కువ వదులుతుంది. "ఏది ఎంతో నా యంత్రం చెబుతుంది. ఏది మంచిదో చెప్పే సూది మాత్రం నా దగ్గర లేదండీ."

మా అమ్మ అల్జీరా ఆమె కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. "ఆ ఉన్న సూది చాలమ్మా మాకు" అంది.

అమ్మ ఆలోచన తెల్లారేసరికి ఊరంతా పాకింది. ఆదివారం పూజ అయ్యాక రెండు కార్లకూ యంత్రం పెట్టిస్తారు. ఆ నిద్రలో చంపే గాలి ఎవరి కారు తక్కువ వదిలితే పెళ్ళికూతురు అందులో వెళుతుంది. ఓడినవాడు నోరెత్తకుండా పెళ్ళికి వస్తాడు. గడ్డం గీసుకుంటున్న నాన్న ఈ మాట విని ఆగిపోయాడు. పెదనాన్నకు చెబితే టోపీ తీసి లోపల ఏదో వెతికినట్టు చూశాడు. ఇద్దరూ ఎందుకో నీళ్ళు నమిలారు గానీ స్టాండు అంతటి ముందూ కాదనే ధైర్యం ఎవరికుంది?

ఆదివారం కూడలి తిరనాళ్ళలా ఉంది. అల్లం, లవంగం వేసి కాచిన చెరకు సారా ఒక పక్క, వేయించిన వేరుశనగలు ఒక పక్క. మిల్లువాళ్ళు కోతకు వీలుగా ముందురోజు తగలబెట్టిన చెరకు తోట మసి ఇంకా గాల్లో తేలుతూ అందరి నెత్తిన పడుతోంది. నొయేమియా గాజు సీసాల మీద తన స్కార్ఫు కప్పింది.

మా కార్ల వంతు వచ్చేలోపు ఇంకా చాలా కార్లకు పరీక్ష అయింది. గొట్టం కారు వెనక పెట్టడం, సూది లేవడం. పెట్రోలు కారయితే సూది పైకి పోయేది. ఆల్కహాలు కారయితే కిందనే కదిలేది, ఇంకో పక్క సీసాలో నీళ్ళు మాత్రం చిక్కటి నీలం తిరిగేవి. కాసేపటికి పిల్లలు కూడా సూది చూసి ఏ కారో చెప్పేస్తున్నారు. ఈ తంతు చూస్తున్న కొద్దీ నాన్న మొహంలోకి వెలుగు వచ్చింది. పెదనాన్న మొహం మాడిపోయింది. గెలవాల్సింది పెదనాన్న గదా, నాన్నకెందుకు హుషారు, పెదనాన్నకెందుకు దిగులు? నాకు అంతు పట్టలేదు. వల్దీర్ జనం వెనక నిలబడి వేరుశనగలు తొక్కతో సహా నములుతున్నాడు.

ముందు నాన్న కారు. సూది లేచింది. మధ్యలో ఆగింది.

తర్వాత పెదనాన్న కారు. సూది లేచింది. సరిగ్గా అక్కడే ఆగింది.

నొయేమియా యంత్రాన్ని వేలితో తట్టింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే. సీసాల్లో నీలం కూడా రెంటికీ ఒకే రంగు, కవలలకు కుట్టించిన చొక్కాల్లాగ. ఆమె నాన్న వైపు తిరిగి, "మీది పెట్రోలే కదండీ?" అంది.

"మా తాతల నాటినుంచీ" అన్నాడు నాన్న.

ఆమె ట్యాంకు మూత తీయించింది. ఫుస్కా ట్యాంకులోంచి కాస్త తీసి సన్నటి గాజు గొట్టంలో పోసింది. దానికి సమంగా ఉప్పునీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి నిలబెట్టింది. ఆల్కహాలుకు పెట్రోలు కంటే నీళ్ళంటే మక్కువ. పెట్రోల్లో దాక్కున్నదల్లా నీళ్ళు కనబడగానే కిందికి దిగి నీళ్ళతో చేరిపోతుంది. నీళ్ళకూ పెట్రోలుకూ మధ్య సగం దగ్గర ఉండాల్సిన గీత పైకి జరిగింది. ఇంకా పైకి జరిగింది. జనమంతా మెడలు చాచారు.

"పెట్రోల్లో ప్రభుత్వం కలిపేది కొంత ఉంటుంది, అది నాకు తెలుసు" అంది నొయేమియా మర్యాదగా. "ఇది ప్రభుత్వం కలిపింది కాదు."

నాన్న తన బూట్ల వైపు చూసుకున్నాడు. పెట్రోల్లో ఆల్కహాలు కలిపి పోయించుకోవడాన్ని మా వైపు కోడితోక అంటారు. సారాకొట్లో రెండు రకాలు కలిపి ఇచ్చే గ్లాసు పేరే దానికీ పెట్టారు. ఊళ్ళో గుట్టుగా కోడితోక పోయించుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే వాళ్ళెవరూ ఏడాది పొడుగునా ఆల్కహాలును తిట్టినవాళ్ళు కారు.

ఎవరో ఈల వేశారు. ఆ సందట్లో పెదనాన్న మెల్లగా తన కారు తలుపు తీసి ఎక్కబోయాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

పెదనాన్న ట్యాంకులోది ఇంకో గొట్టంలో పోశారు. ఆల్కహాల్లో నీళ్ళు పోస్తే నీళ్ళలాగే తేటగా ఉండాలి, పెట్రోలు కలిసి ఉంటేనే విరుగుతుంది. పోసీ పొయ్యగానే అది తెల్లగా విరిగి చిక్కబడింది. అచ్చం పాలు. ముందు వరసలో ఉన్న ముసలామె పైకే అనేసింది, "అయ్యో, సీసాపాలు."

ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు. నేను నాన్న మొహం చూడలేదు, పెదనాన్న మొహం చూడలేదు. ఇద్దరి చేతులూ చూస్తూ నిలబడ్డాను. ఇక ఈ సిగ్గుకు వీళ్ళు జన్మలో కలవరు, నా పెళ్ళి ఇద్దరూ లేకుండానే అవుతుంది అనుకున్నాను.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఎంత పోయిస్తున్నావు, కుంపాద్రీ?"

పెదనాన్న కారు తలుపు మూశాడు. "పావు వంతు పెట్రోలు. చలి తగ్గాక మానేద్దామనుకున్నా. పొద్దున్నే నీ నోట్లో పడలేక." ఆగి అడిగాడు. "నువ్వో?"

"సగం ఆల్కహాలు. గౌను మసైపోతుందని అన్నావు గదా. పొగ తగ్గుతుందేమోనని."

"సగమే? మరి కార్బురేటరు?"

"నేనే విప్పి సర్దుకున్నా."

"నువ్వా?" పెదనాన్న ఫుస్కా వైపు జాలిగా చూశాడు. "అదీ సంగతి. మలుపు దగ్గర ముక్కుతోందేంటా అనుకున్నా. నన్నడిగితే నేను చేసిపెట్టేవాణ్ణి గదరా."

అంతే. ఇద్దరూ ఫుస్కా వెనక్కి వెళ్ళి, అక్కడే ఉండే ఇంజను మూత ఎత్తి, తలలు లోపలికి దూర్చారు. చుట్టూ ఊరంతా ఉందన్న సంగతే మరిచిపోయారు. లోపల్నుంచి 'ఇదిగో, ఈ మర చూడు' అని ఒకరూ, 'చెయ్యి తీయవయ్యా' అని ఒకరూ వినపడుతున్నారు. అప్పుడు మొదలైంది నవ్వు. సారా కాచేవాడు గరిటె పారేసి నవ్వాడు. ఫాదరుగారు గుడి మెట్ల మీద కూలబడి నవ్వారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

కాసేపటికి నాన్న తల బయటికి వచ్చింది. ఏదో గుర్తొచ్చినట్టు జనంలో వెతికాడు. "వల్దీర్, ఇలా రా. ఊళ్ళో ఉన్నది ఒకటే బంకు. ఈయనకి పోసింది కూడా నువ్వేనా?"

వల్దీర్ వేరుశనగలు మింగాడు. "నేనే మామయ్యా."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదే?"

"మీరిద్దరూ ఒకే మాటన్నారు. ఎవరి దగ్గరన్నా నోరు జారితే నా పెళ్ళి ఆగిపోద్దని."

అమ్మ నా చెవిలో అంది. "ఈ పిల్లాణ్ణి వదులుకోకు. ఇలా నోరు కట్టుకోగల మొగుడు వెతికినా దొరకడు."

నొయేమియా ఒక్కతే చిక్కులో పడింది. ఈ రెండు కార్లనూ పెట్రోలు వరసలో వెయ్యాలా, ఆల్కహాలు వరసలో వెయ్యాలా? ఏ వరసలో వేసినా లెక్క చెడుతుంది. చివరికి రెంటినీ తన లెక్కలోంచి తీసేసింది. దానికి బదులు పెళ్ళికి ఉండిపోతానంది.

సూది ఎవరినీ గెలిపించలేదు గనక పేతురు పండగ పొద్దున ఆనవాయితీని వాళ్ళే కొత్తగా కుట్టుకున్నారు. నేను ఫుస్కా వెనక సీటులో గౌను పరుచుకుని కూర్చున్నాను. నాన్న బండి నడిపాడు. పీకేసిన సీటు ఖాళీ ఉంది కదా, అక్కడ పాలు పితికే ముక్కాలిపీట వేసుకుని, దారికి వీపు పెట్టి నా వైపు తిరిగి పెదనాన్న కూర్చున్నాడు. ఒళ్ళో అకార్డియన్. బండి గోతిలో పడ్డప్పుడల్లా రాగం ఎగిరిపడేది. నాన్న ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో తలుపు మీద కంజిర దెబ్బ వేస్తున్నాడు. మలుపు దగ్గర ఫుస్కా ముక్కలేదు. పెదనాన్న వాయిస్తూనే కనుబొమలు ఎగరేశాడు, చూశావా అన్నట్టు. మా వెనక పెదనాన్న కారును నొయేమియా నడుపుకుంటూ వచ్చింది, అమ్మనీ, వంట సామానునీ వేసుకుని.

గుడి మెట్ల మీద దిగుతుంటే నా మేలిముసుగు మీద నల్లటి మసి రేకు ఒకటి వచ్చి వాలింది. రెండు కార్లూ ఆపేసి ఉన్నాయి. అమ్మ తలెత్తి దూరంగా మిల్లు గొట్టం వైపు చూసి, నొయేమియా మోచెయ్యి తట్టింది. "ఈసారి వచ్చినప్పుడు మీ సూది దానికి పెట్టండమ్మా."

ఆ రాత్రి పండగ మంట చుట్టూ నన్నూ వల్దీర్‌నీ తిప్పారు. మా వెనక ఇద్దరు ముసలాళ్ళు, అప్పటికి మరీ ముసలాళ్ళేం కాదు, చేతులు పట్టుకుని ఇంకోసారి తిరిగారు. ఒకసారి వేసిన ఒట్టుకు మళ్ళీ వెయ్యడం ఎందుకని ఎవరో అడిగితే, ట్యాంకు నింపుకోవద్దా అన్నాడు నాన్న.

చాలా ఏళ్ళకు, నా పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, కొత్తరకం కార్లు వచ్చాయి. బంకు అప్పటికి వల్దీర్‌దే. ఒకరోజు కంపెనీ కుర్రాడు టై కట్టుకుని, మెరిసే కారు తెచ్చి బంకులో పెట్టి, అందరికీ వివరిస్తున్నాడు. ఇందులో పెట్రోలు పోసుకోవచ్చు, ఆల్కహాలు పోసుకోవచ్చు, రెండూ కలిపి ఏ పాళ్ళలోనైనా పోసుకోవచ్చు, కారే చూసి సర్దుకుంటుంది అన్నాడు. నాన్నా పెదనాన్నా నీడలో కుర్చీలు వేసుకుని కూర్చుని, చేతికర్రల మీద గడ్డాలు ఆనించి, మొత్తం శ్రద్ధగా విన్నారు.

కుర్రాడు చెప్పడం ముగించి, ఏమన్నా అడగాలా తాతగారూ అన్నాడు.

పెదనాన్న నాన్న వైపు చూశాడు. నాన్న తల ఊపాడు.

"అంటే బాబూ," అన్నాడు పెదనాన్న, "ఇప్పుడు ఎవరికీ తెలీకుండా పోయించుకోనక్కర్లేదా?"